డైరెక్ట్ చేయనివ్వని మనిషి

ఎనిమిదో తరగతిలో లెక్కల సారు నన్ను బెంచీ ఎక్కి నిలబడమన్నాడు. ఎక్కాను. కాసేపటికి దిగి, పుస్తకాల సంచీ అక్కడే వదిలేసి, నేరుగా బయటికి నడిచాను. ఆ తరువాత బతుకంతా కార్లను పైకెక్కించి నేను కింద నిలబడే పని చేశాను. ఆ సారు ఎక్కడున్నాడో గానీ, ఆయన వేసిన శిక్షను నేను ఫియట్లకూ అంబాసిడర్లకూ వేస్తున్నానని తెలిస్తే, చదువు పూర్తిగా వృథా పోలేదని సంతోషించేవాడు.

తార్నాకలో మాది ఒక్క అంతస్తు ఇల్లు. అయినా మా ఇంట్లో లిఫ్టు ఉందని గొప్ప చెప్పుకునేవాణ్ణి. ఇంటి ముందు రేకుల షెడ్డు, షెడ్డులో రెండు ఇనుప స్తంభాలు, స్తంభానికి రెండేసి చేతులు. కారును ఆ చేతుల మీద నిలిపి బటన్ నొక్కితే, స్తంభాల లోపల నిలువెత్తు స్క్రూ కడ్డీలు తిరిగి కారు మన నెత్తికంటే పైకి లేస్తుంది. మూతబడిన ఒక పెద్ద గరాజ్ సామాన్లు వేలం వేస్తుంటే తెచ్చుకున్నాను. యూనివర్సిటీలో పాఠాలు చెప్పే సార్ల బండ్లన్నీ నా దగ్గరికే వచ్చేవి. వాళ్ళు నా ముఖం చూసి చదువుకోలేదని కనిపెట్టేవాళ్ళు. నేను వాళ్ళ బండి అడుగు చూసి, ఆయిల్ మార్చక ఎన్నాళ్ళయిందో కనిపెట్టేవాణ్ణి. లెక్క సరిపోయేది.

మొన్న ఆ లిఫ్టును పాత ఇనుము కొనేవాళ్ళకు ఇచ్చేశాను. విప్పుతుంటే స్విచ్చుల డబ్బా మూత ఊడి నా చేతికొచ్చింది. మూత లోపలివైపు అన్నం మెతుకులతో అతికించిన కాగితం. నీలం బాల్‌పెన్నుతో, బడిలో వరసగా నిలబెట్టిన పిల్లల్లా నిటారుగా ఉన్న అక్షరాలు: ‘ఎవరు ముట్టుకున్నారు?’

అన్నేళ్ళ తరువాత కూడా నా చెయ్యి టక్కున వెనక్కి వచ్చింది.

రాసినాయన యూనివర్సిటీలో కరెంటు పని చేసేవాడు. అనంతపురం వైపు మనిషి. పేరు చెప్పను. చెప్తే, ఎవరికి చెప్పినావు, ఎందుకు చెప్పినావు అని కల్లోకి వచ్చి అడుగుతాడు. నేను పెట్టుకున్న పేరు అనుమానాల సారు.

మొదటిసారి ఆయన వచ్చినప్పుడు కెమిస్ట్రీ చెప్పే ఒక సారు ఫియట్టు నా లిఫ్టు మీద సగం ఎత్తున ఆగిపోయి ఉంది. పైకి పోదు, కిందికి రాదు. ఆ సారే ఈయన్ని యూనివర్సిటీలో పట్టుకుని, డ్యూటీ దిగాక పంపించాడు. సైకిల్ దిగి, స్టాండు వేసి, తాళం వేసి, వేసిన తాళాన్ని రెండుసార్లు లాగి చూసుకుని, అప్పుడు లిఫ్టు వైపు తిరిగాడు. మామూలు మనుషులు ఏమైంది అని అడుగుతారు. ఆయన ప్రశ్న వేరు.

“ఎవురు ముట్టుకున్నారప్పా దీన్ని?”

“ఎవ్వరు ముట్టలే సారు. దానంతట అదే ఆగింది.”

“దానంతటదే అలిగి ఆగేదానికి అదేమన్నా కొత్త అల్లుడా? నువ్వేం నొక్కినావు?”

“పైకి పొయ్యే బటన్ నొక్కిన.”

“నొక్కి?”

“నొక్కి దండం పెట్టిన.”

నవ్వలేదు. నా మాటలకు తార్నాక చౌరస్తా దాకా నవ్వుతారు, ఈయన పెదవి కదపలేదు. జేబులోంచి టెస్టర్ తీసి, కరెంటు కచ్చితంగా ఉన్న ప్లగ్గు ఒకటి చూపించమన్నాడు. వంటింటిది చూపించాను.

“ఇందులో ఉన్నట్టు నీకెట్లా తెలుసు?”

“గిప్పుడే మా ఇంటామె మిక్సీ తిప్పింది సారు.”

“ఇంకోసారి తిప్పమను.”

మా ఆవిడ ఖాళీ మిక్సీ తిప్పింది. అప్పుడు ఆ ప్లగ్గులో టెస్టర్ పెట్టి, వెలగడం చూసి, వచ్చి లిఫ్టు డబ్బాలో పెట్టి చూసి, మళ్ళీ వంటింట్లోకి పోయి ప్లగ్గులో పెట్టాడు.

“ఇంతకుముందే చూసిండ్రు గద సారు?”

“అది ఇంతకుముందు. నడవలో టెస్టర్ సచ్చిండొచ్చు. సచ్చిన టెస్టరు ఎలగకపోతే, కరెంటు లేదనుకుని చెయ్యి పెడతావు. అంతే సంగతి.”

తరువాత మీటరు పక్కనున్న మూడు పింగాణీ ఫ్యూజులూ పీకి, చొక్కా జేబులో వేసుకుని గుండీ పెట్టుకున్నాడు. పని చేసినంతసేపూ అవి జేబులోనే. నీళ్ళు తాగడానికి పోయినా, గోడ చాటుకు పోయినా, జేబు ఒక వైపుకు బరువుగా వేలాడుతూ ఉండేది. ఆయన పని చేస్తుండగా ఇంకెవరూ కరెంటు వెయ్యకూడదు. వెయ్యాలంటే ఆయన గుండీ విప్పాలి.

మా ఆవిడ రెండు గ్లాసుల్లో టీ తెచ్చింది. ఆయనకు ఇచ్చిన గ్లాసు నా ముందు పెట్టి, నా గ్లాసు ఆయన తీసుకున్నాడు. మా ఆవిడ లోపలికి పోతూ నాకొక్కడికే వినపడేలా అంది: “నేనేమన్న మందు కలుపుతున్ననా? ఏం మనిషయ్యా గీయన!”

ఆయన కుడిచేతి చివరి రెండు వేళ్ళు తిన్నగా చాపడానికి వచ్చేవి కావు. టీ గ్లాసును మూడు వేళ్ళతోనే పట్టుకున్నాడు. ఏమైంది సారు అని అడిగాను.

“ఒకడు నమ్మమన్నాడు,” అన్నాడు. అంతే. ఆ కథలో అంతకంటే ఒక్క ముక్క నాకు ఎప్పటికీ దొరకలేదు.

గంటసేపు వెతికి, స్తంభం లోపల బొటనవేలంత స్విచ్చి ఒకటి పట్టుకున్నాడు. అది నొక్కుకుంటే లిఫ్టు ఆగిపోతుంది. దుమ్ము తుడిచి, నొక్కుకున్నదాన్ని వదిలించాడు. ఫ్యూజులు మళ్ళీ పెట్టాక ఫియట్టు కిందికి దిగింది. నేను చప్పట్లు కొట్టాను.

“ఇది ఊరికే నొక్కుకోదు. ఎందుకు నొక్కుకుందో సూడాల. ఒకరోజు లిఫ్టు ఖాళీగా పెట్టు, స్తంభం రేకు విప్పి చూస్తా.”

“ఖాళీగ ఎట్ల పెడ్త సారు? మూడు బండ్లు నిలవడ్డయి. మల్ల చూద్దాం తియ్యి.”

నన్ను కింది నుంచి పైకి ఒకసారి చూసి, సైకిల్ తాళం తీసుకున్నాడు.

వారం తిరగకుండా లిఫ్టు మళ్ళీ ఆగింది. ఈసారి నేనెవరినీ పిలవలేదు. మా దగ్గర ఒక విద్య ఉంది, దానికి బడి అక్కర్లేదు. ఫ్యాను రెగ్యులేటర్ పోయిందా, డైరెక్ట్ చెయ్. మోటారు స్విచ్చి పోయిందా, డైరెక్ట్ చెయ్. అడ్డం వచ్చినదాన్ని పక్కకు నెట్టి, ఈ వైరునూ ఆ వైరునూ కలిపి మెలేస్తే అయిపోతుంది. హైదరాబాదులో సగం ఇళ్ళు అలాగే నడుస్తున్నాయి. నేనూ డబ్బాలో బెత్తెడు వైరు ముక్క కట్టి ఆ స్విచ్చిని డైరెక్ట్ చేశాను. లిఫ్టు ఏనుగులా లేచింది. ఇంతోటి దానికి యూనివర్సిటీ మనిషి ఎందుకని నన్ను నేనే మెచ్చుకున్నాను.

నాలుగు రోజులకు లిఫ్టు ఆగింది. డబ్బా తెరిచి చూస్తే నా వైరు ముక్క లేదు. తెగిపోలేదు, కాలిపోలేదు, అసలు లేదు.

మళ్ళీ కట్టాను. మళ్ళీ పోయింది.

ఈ మధ్యలో ఆయన ఒకసారి వచ్చి, చూసిపోదామని వచ్చానన్నాడు. ఫ్యూజులు పీకి జేబులో వేసుకుని, అటూ ఇటూ తిరిగి, అవి జేబులో ఉండగానే సైకిలెక్కి వెళ్ళిపోయాడు. మర్నాడు యూనివర్సిటీకి పోయి అడిగితే, మరిచిపోయినా, ఇంట్లో ఉండాయి, రేపు ఇస్తా అన్నాడు. వేసిన తాళాన్ని రెండుసార్లు లాగి చూసుకునే మనిషి మూడు ఫ్యూజుల బరువు జేబులో మరిచిపోతాడా? నేను పక్క సందులో పిండిగిర్ని ఆయన్ని బతిమాలి మూడు ఫ్యూజులు తెచ్చుకుని పని నడిపించాను. కానీ అనుమానం అంటు రోగం. ఆయన దగ్గర ఉన్నది నాకు పట్టుకుంది.

హబ్సిగూడ వైపు ఇంకో గరాజ్ ఉండేది. దాని ఓనరు నా లిఫ్టు మీద కన్నేశాడు. వాడి దగ్గర అచ్చం ఇలాంటిదే ఒకటి స్తంభం వంగి మూలన పడి ఉంది. రెండుసార్లు నన్నడిగాడు, ఇవ్వనన్నాను. ఇప్పుడు నా లెక్క సాఫుగా తేలింది. లిఫ్టు మాటిమాటికీ ఆగాలి, నేను విసుగెత్తి అమ్మాలి, వాడు ఎత్తుకుపోవాలి. మధ్యలో పని చేసిపెట్టే మనిషి అనుమానాల సారు.

ఒకరోజు పొద్దున్నే డబ్బా మూత మీద కాగితం పట్టీ అడ్డంగా అతికించి, దాని మీద సంతకం చేశాను. పరీక్ష పేపర్ల కట్టకు సీలు వేస్తారట కదా, అట్లా. పరీక్షలు రాయకపోయినా సీలు వేయడం వచ్చు నాకు. మా ఆవిడ చూసింది.

“డబ్బాకు సంతకం పెట్టినవ్ మంచిగనే ఉన్నది. కింద చూడు, నీ లిఫ్టు బంగారం రాలుస్తున్నది.”

స్తంభం మొదట్లో నేల మీద పచ్చటి పొడి మెరుస్తోంది. కొన్నాళ్ళుగా రోజూ ఊడుస్తున్నదే. పాత గ్రీజులోని రంగు అనుకున్నాను.

“గాజులు చేయిస్త తియ్యి,” అన్నాను.

మధ్యాహ్నం మా ఆవిడ రేషన్ షాపుకు, నేను స్పేర్ పార్టుల కోసం బయటికి పోయి వచ్చాం. వచ్చేసరికి సీలు చిరిగి ఉంది. నా సంతకం ఉన్న ముక్క లేనే లేదు.

ఇక ఆగలేదు. యూనివర్సిటీలోకి పోయాను. వర్క్‌షాపు ముందు ఆగిన జీపు చాటున నిలబడి చూశాను. ఆయన ఒక పెద్ద మెషిను పక్కన నిలబడి ఉన్నాడు. చొక్కా జేబు వేలాడుతోంది. ఒక పడుచు లెక్చరర్ ఆయన వెంటపడి బతిమాలుతున్నాడు.

“రేపు ప్రాక్టికల్స్ అండీ. ఈ ఒక్కరోజుకు డైరెక్ట్ చేసేయండి, తరువాత చూసుకుందాం.”

“రేపు ప్రాక్టికల్స్ ఉంటే సరిపోతాదా సార్? ఎల్లుండికి పిల్లోళ్ళు గూడా ఉండాల గదా,” అని జేబు తట్టుకున్నాడు.

ఇప్పుడు తలుచుకుంటే ఆ మాట వేరుగా వినిపిస్తుంది. అప్పుడు జీపు చాటున నాకు వినిపించింది ఒక్కటే: ఈయన ఇక్కడ కూడా పని ఆపి పెడుతున్నాడు!

డ్యూటీ దిగి ఆయన సైకిలెక్కాడు. నేను స్కూటర్ను నడిపించుకుంటున్నంత నెమ్మదిగా వెనకే పోయాను. తార్నాక దాటి నేరుగా హబ్సిగూడ గరాజ్ ముందు దిగాడు. ఓనరు ఎదురొచ్చి భుజం మీద చెయ్యి వేసి లోపలికి తీసుకుపోయాడు. ఇద్దరూ ఆ వంగిన లిఫ్టు దగ్గర వంగి చాలాసేపు మాట్లాడుకున్నారు. ఇంటికొచ్చి మా ఆవిడతో, దొంగ దొరికిండు అన్నాను.

ఆదివారం పొద్దున. అదే కెమిస్ట్రీ సారు ఫియట్టు లిఫ్టు మీద పూర్తి ఎత్తున ఉంది. నేను కింద నిలబడి సైలెన్సర్ బిగిస్తున్నాను. ఈసారి డైరెక్ట్ వైరును గట్టిగా మెలేసి, టేపు చుట్టి, పైన గ్రీజు పూసి, దేవుడికి కూడా కనపడకుండా దాచాను. గేటు దగ్గర సైకిల్ స్టాండు చప్పుడైంది. తాళం. రెండుసార్లు లాగిన చప్పుడు. క్యారియర్‌కు న్యూస్‌పేపర్ మూట కట్టి ఉంది.

“ఎవురు ముట్టుకున్నారు?” అన్నాడు, లిఫ్టు పని చేస్తుండటం చూసి.

“నువ్వే ముట్టుకున్నవ్!” మీరులోంచి నువ్వులోకి ఎప్పుడు దిగానో నాకే తెలియదు. “నా వైర్లు నువ్వే పీకినవ్. నా సీలు నువ్వే చింపినవ్. మొన్న హబ్సిగూడల వానితోని ఏం మాట్లాడినవో గది గూడ చెప్పు.”

“అన్నీ చెప్తా. ముందు దాని కిందనుంచి బయటికి రా.”

“రాను. గీడ్నే నిలవడ్త. చెప్పు.”

ఆయన నా మీద అరవలేదు. పోయి మూడు ఫ్యూజులూ పీకి, జేబులో వేసుకుని, గుండీ పెట్టుకుని వచ్చాడు.

“ఇప్పుడన్నా రాప్పా.”

“కరెంటు తీసినవ్ గద. ఇగ లిఫ్టు కదలదు. నాకేం భయం?”

“అది కరెంటుతో నిలబడలేదప్పా. నట్టుతో నిలబడింది.”

ఆ మాట నాకు అర్థం కాలేదు. ఆయన గొంతు వణకడం అదే మొదటిసారి విన్నాను. అందుకు బయటికి వచ్చాను.

వచ్చాక చెప్పాడు. స్తంభంలో స్క్రూ కడ్డీకి రెండు ఇత్తడి నట్లు ఉంటాయి. పైది కారు బరువు మోస్తుంది. కిందిది ఏ బరువూ మోయకుండా ఊరికే వెంట వస్తుంది. రెంటి మధ్య రూపాయి బిళ్ళ దూరేంత సందు ఉండాలి. పైనట్టు మరలు అరిగేకొద్దీ సందు తగ్గిపోతుంది. సందు మూసుకుపోతే ఆ బొటనవేలంత స్విచ్చి నొక్కుకుని లిఫ్టును ఆపేస్తుంది. నేను దుమ్ము పట్టిందని తిట్టిన స్విచ్చి అదే.

చొక్కా రెండో జేబులోంచి ఒక కాగితం ముక్క తీశాడు.

“ఈ సంతకం నీదేనా?”

“నాదే.”

“కారు కిందికి పోకుండా, బయట నిలబడి, దీన్ని ఆ సందులో దూర్చు.”

స్టూలెక్కి, స్తంభం పక్కనున్న కంతలోంచి నా సీలు కాగితాన్నే రెండు నట్ల మధ్య పెట్టి తోశాను. పోలేదు. ఇంకోవైపు తోశాను. మడత పడింది గానీ పోలేదు.

“రూపాయి దూరాల్సిన చోట నీ సంతకం గూడా దూరల్యా,” అన్నాడు. “స్విచ్చి అబద్ధం చెప్తాందని దాని నోరు కట్టినావు. పాపం అది చెప్పింది ఒకటే మాట. కిందికి ఎవురూ రావద్దండి అని.”

నేల మీది పచ్చటి పొడి వైపు చూశాను. మా ఆవిడ రోజూ ఊడ్చి పోసింది నట్టునే.

ఫియట్టు కింద పాత టైర్లు, దుంగలు పేర్చాం. స్తంభం నెత్తిన పెద్ద పానా వేసి, ఇద్దరం చేత్తో చుట్టు చుట్టు తిప్పుతూ దించాం. మూడు వేళ్ళ పట్టు ఆయనది, జారిపోతుంటే మళ్ళీ పట్టుకునేవాడు. దిగేసరికి మధ్యాహ్నం అయింది. నట్టు విప్పి నా అరచేతిలో పెట్టాడు. లోపల మరలు వెంట్రుకల్లా ఉన్నాయి. గోటితో గీకితే ఒకటి ఊడి వచ్చింది.

ఆయన పోయి న్యూస్‌పేపర్ మూట విప్పాడు. రెండు నట్లు, హబ్సిగూడ వంగిన లిఫ్టువి, కిరసనాయిలుతో కడిగి మెరిపించినవి. నేను వెంటపడి చూసిన రహస్యం అదీ.

“ఒక్క మాట చెప్తె అయిపోతుండె గద సారు,” అన్నాను, మళ్ళీ మర్యాదలోకి ఎక్కి. “వైరు నేనే తీస్తున్న అని.”

“చెప్పింటే ఇంకో చోట కట్టిండేవాడివి.”

నిజమే, కట్టేవాణ్ణే.

“మరి నట్టు సంగతన్న చెప్పొద్దా?”

“నాకు అనుమానమే గదప్పా అప్పుడు. అనుమానాన్ని నిజమని ఎట్లా చెప్తారు? విప్పి చూస్తానంటే నువ్వు లిఫ్టు ఖాళీ ఇయ్యలేదు. ఫ్యూజులు ఎత్తుకపోతే ఇంకేడనో తెచ్చి పెట్టుకున్నావు. నీలాంటోన్తో శానా కష్టం.”

ఆ నట్లు వేశాక మా ఆవిడను నాలుగు మెతుకులు అడిగి, ఆ కాగితం రాసి మూత లోపల అతికించాడు. బయట అతికిస్తే నేను చింపుతానని అనుమానం. లోపల ఉంటే, డైరెక్ట్ చేయడానికి మూత తీసిన ప్రతిసారీ కనపడుతుంది.

ఆ తరువాతైనా నన్ను నమ్మాడని అనుకుంటే పొరపాటు. చెప్పకుండా వచ్చేవాడు. రూపాయి బిళ్ళ తీసి సందులో దూర్చి చూసేవాడు. అది తన రూపాయే, నా రూపాయి అరిగి ఉండొచ్చట. టీ గ్లాసు మార్చడం మానలేదు. ఒకసారి సరదాకు రెండు గ్లాసులూ ఆయన ముందే పెట్టాను. రెంటినీ నా వైపు జరిపి, మంచినీళ్ళు అడిగాడు. కొన్నేళ్ళకు రిటైరై రావడం తగ్గించాడు, తరువాత మానేశాడు. నేనేమో ఎలా ఉన్నారని అడగడానికి ఒక్కసారైనా పోకుండా, రోజూ పొద్దున రూపాయి బిళ్ళ దూర్చి చూడటం మాత్రం అలవాటు చేసుకున్నాను.

డబ్బా మూతలో దొరికిన కాగితం పట్టుకుని, ఆయన ఇల్లున్న బౌద్ధనగర్ వెళ్ళాను. ఇల్లు వెతుక్కోవడం కష్టం కాలేదు. గేటుకు రెండు తాళాలున్నది అదొక్కటే. ఆయన భార్య, పెద్దావిడ, తలుపు తీసింది. ఆయన గోడ మీద ఉన్నాడు, దండతో. ఏడాది అయిందట. ఫోటోలో కూడా తీసేవాణ్ణి అనుమానంగానే చూస్తున్నాడు.

ఎవరని అడిగింది. తార్నాక, కార్ల లిఫ్టు అన్నాను.

“ఓ, వైరు కట్టే అబ్బాయివి నువ్వేనా!” అంది.

కూర్చోబెట్టి రెండు గ్లాసుల్లో టీ తెచ్చింది. నాకు తెలియకుండానే నా ముందున్నది వదిలేసి ఆమెది తీసుకున్నాను. ఆమె చూసింది. అట్లాంటప్పుడు నాకు వచ్చేది జోకే.

“ఎంత పని చేసినా సారు నన్ను ఒక్కనాడన్న నమ్మలేదమ్మా,” అన్నాను.

ఆమె నా ముందు వదిలేసిన గ్లాసు తీసుకుని, ఒక గుక్క తాగి, గోడ వైపు చూసి అంది:

“నమ్మింటే ఈ పొద్దు దండ నీ పటానికి ఉండేది నాయనా. పరామర్శకు ఆయన మీ ఇంటికి వచ్చిండేవాడు.”